ఉత్తర అమెరికా పెరట్లో దేశవాళీ ఆస్టర్లు: విత్తనం నుంచి చివరి పువ్వు దాకా

తెలుగువాళ్ళకు ఆస్టర్ అనే పేరు కొత్తది కాదు. దండల్లోనూ పూలగుత్తుల్లోనూ కనిపించే ఆస్టర్లను మన రైతులు పొలాల్లో పండిస్తూనే ఉన్నారు. అయితే అది చైనా ఆస్టర్, ఒక్క పంటకాలం పూసి ఎండిపోయే మొక్క. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఉత్తర అమెరికాలో అడవుల అంచున, పచ్చికబయళ్ళలో, రహదారుల పక్కన తమంతట తామే పెరిగి, ఏటా అదే వేరు నుంచి మళ్ళీ లేచి, ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా పూసే దేశవాళీ ఆస్టర్ల గురించి. అక్కడ స్థిరపడి, ప్రతి ఆకురాలు కాలంలోనూ గుమ్మం ముందు నాలుగు చామంతి కుండీలు పెట్టి, మంచు పడగానే వాటిని పారేసేవారికి ఈ మొక్కలను పరిచయం చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆస్టర్లకు చేయవలసిన పనులు తక్కువే. కానీ ప్రతి పనికీ ఒక అదను ఉంది. అది తప్పితే ఎంత సేవ చేసినా దక్కేది ఆకులే. మొదటిసారి పెంచినప్పుడు, మొక్కలు మరీ ఎత్తు పెరిగాయని ఆగస్టులో సగానికి కత్తిరించాను. ఆ ఏడు పట్టుమని పది పూలు కూడా పూయలేదు. అదే పని జూన్ మొదట్లో చేసి ఉంటే దుబ్బు నిండా పూసేది. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగిలినదంతా సులువు.

ముందు పువ్వును దగ్గరగా చూడండి

మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు, పదుల కొద్దీ పూల గుంపు. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, గట్ల మీద పెరిగే గడ్డిచామంతి అన్నీ ఈ కుటుంబానివే. నడుమ పసుపుపచ్చగా కనిపించే భాగంలో ప్రతి చుక్కా ఒక చిన్న గొట్టపు పువ్వు. చుట్టూ రేకుల్లా ఉన్నవి కూడా వేటికవే పూలు. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్‌లో అలాంటి రేకులు నలభైకి తక్కువ ఉండవు. తెల్ల అడవి ఆస్టర్‌లో అయిదు నుంచి పది దాకా మాత్రమే ఉంటాయి కాబట్టి ఆ పువ్వు ఎప్పుడూ కొన్ని రేకులు రాలిపోయినట్టే కనిపిస్తుంది. నాకు ఆ చెదిరిన అందమే ఎక్కువ ఇష్టం.

చేతి కటకం ఒకటి కొనుక్కోండి. గొట్టపు పూలు అంచు నుంచి లోపలికి వలయాలుగా విచ్చుకుంటూ వెళతాయి. పాతబడ్డ కొద్దీ నడిమి పసుపు క్రమంగా ఎరుపుకు, ఊదాకు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద పసుపు నడిమి పూలూ ఎర్ర నడిమి పూలూ కలిసి ఉన్నప్పుడు తేనెటీగలు వేటి మీద ఆగుతున్నాయో చూస్తే, కొత్త పూలేవో వాటికి బాగా తెలుసని అర్థమవుతుంది.

ఆస్టర్ అంటే గ్రీకులో నక్షత్రం. ఒకప్పుడు ఉత్తర అమెరికా జాతులన్నీ ఆస్టర్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. 1994లో గై నీసమ్ అనే వృక్షశాస్త్రవేత్త వాటిని విడదీశాక ఎక్కువ భాగం సింఫియోట్రైకమ్ అనే నోరు తిరగని పేరు కిందకు, కొన్ని యూరిబియా కిందకు, మరికొన్ని వేరే ప్రజాతుల్లోకి వెళ్ళాయి. నర్సరీ చీటీల మీద నేటికీ పాత పేరో కొత్త పేరో ఏదో ఒకటి ఉంటుంది. అందువల్ల రెండో పదాన్ని గుర్తుపెట్టుకోండి. నోవే ఆంగ్లియే అని ఉంటే, ముందు ఏ పేరున్నా, అది న్యూ ఇంగ్లండ్ ఆస్టరే.

మీ నేలకు తగిన ఆస్టర్

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. బొమ్మ చూసి మొక్కను కొని, ఆ తర్వాత దానికి చోటు వెతుకుతారు. ముందు చోటును చూడాలి. ఎన్ని గంటలు ఎండ పడుతోంది, వాన పడ్డాక నీరు ఎంతసేపు నిలుస్తోంది అనే రెండు ప్రశ్నలు చాలు.

రోజుకు ఆరు గంటలు, అంతకుమించి ఎండ తగులుతూ, నేల కాస్త తడిగా ఉండే చోటైతే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ నాటండి. మూడు నుంచి ఆరు అడుగుల ఎత్తు పెరుగుతుంది. కాండం నిండా నూగు ఉంటుంది, ఆకుల మొదళ్ళు కాండాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటాయి. ముదురు ఊదా నుంచి గులాబీ దాకా రంగులున్నాయి. దీని కింది ఆకులు వేసవి చివరికల్లా ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. అది జబ్బు కాదు, దాని స్వభావం. ముందు వరుసలో రెండడుగుల మొక్క ఏదైనా ఉంటే ఆ బోడికాళ్ళు కనబడవు. అంత ఎత్తు వద్దనుకునేవారికి పర్పుల్ డోమ్ అనే పొట్టి రకం ఉంది. రెండడుగులు దాటదు గానీ గాలి ఆడని చోట బూడిద తెగులు త్వరగా పడుతుంది.

ఎండ బాగా ఉండి నేల పొడిగా, సున్నపురాయి కలిసి, రాళ్ళతో ఉంటే సువాసన ఆస్టర్‌ను మించినది లేదు. శాస్త్రీయంగా ఆబ్లాంగిఫోలియమ్. ఆకును నలిపితే సుగంధం వస్తుంది, అందుకే ఆ పేరు. ఒకటి నుంచి మూడు అడుగుల గుండ్రని పొదలా పెరిగి, తక్కినవన్నీ పూసి ఆగిపోయాక కూడా లేత నీలి ఊదా పూలతో నిండి ఉంటుంది. రేడన్స్ ఫేవరిట్, అక్టోబర్ స్కైస్ అనే రకాలు నర్సరీల్లో తేలిగ్గా దొరుకుతాయి. ఒక్క మొక్కే పెట్టుకోగల చోటు ఉందని ఎవరైనా అడిగితే నేను దీని పేరే చెబుతాను.

నున్నని నీలి ఆస్టర్, శాస్త్రీయంగా లేవే (laeve), మధ్యరకం నేలలకు మంచిది. ఆకులు నీలం కలిసిన ఆకుపచ్చలో, చేత్తో రాస్తే మైనం పూసినట్టు ఉంటాయి. బూడిద తెగులును బాగా తట్టుకుంటుంది. బ్లూబర్డ్ అనే రకానికి తోటమాలుల్లో మంచి పేరుంది.

నీడ ఉన్నవాళ్ళు నిరాశపడనక్కరలేదు. తెల్ల అడవి ఆస్టర్, అంటే యూరిబియా డివారికాటా, పెద్ద చెట్ల కింద, వేర్లు నీరంతా పీల్చేసే పొడి నీడలో కూడా పూస్తుంది. అలాంటి చోట పూసే మొక్కలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. హృదయాకారపు ఆకులున్న కార్డిఫోలియమ్ నీలి అడవి ఆస్టర్‌ను దాని పక్కన నాటితే తెలుపు ముందు, నీలం తర్వాత పూస్తూ రెండు నెలలు గడుస్తాయి. కాలికో ఆస్టర్ సగం నీడలో బాగుంటుంది. గోరంత పూలు కొమ్మ పొడవునా వరుసకడతాయి.

ఇవన్నీ ప్రధానంగా ఖండపు తూర్పు, మధ్య భాగాల మొక్కలు. ఆగ్నేయ రాష్ట్రాలవారికి జార్జియా ఆస్టర్, ఫ్లోరిడా వైపు తీగలా పాకే కరొలినా ఆస్టర్, కాలిఫోర్నియా వారికి చిలెన్సే అనే పసిఫిక్ ఆస్టర్ తగినవి. మీ రాష్ట్రంలో సహజంగా పెరిగే జాతి ఏదో తెలుసుకుని కొనండి. అడవిలోంచి మాత్రం తవ్వి తేవద్దు.

మొక్క కొనాలా, విత్తనం వేయాలా

తొందర ఉంటే మొక్క, తీరిక ఉంటే విత్తనం. మొక్క కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులు వాడలేదని నర్సరీవారిని అడిగి రూఢి చేసుకోండి. ఆ మందు మొక్క ఒంట్లోకి ఇంకి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరుతుంది. తేనెటీగల కోసం నాటిన మొక్కే వాటికి విషం పెట్టడం కన్నా విషాదం లేదు.

విత్తనంతో పెంచడం నాకు ఎక్కువ ఇష్టం. చాలా ఆస్టర్ విత్తనాలకు చలి తగిలితేనే నిద్ర వదులుతుంది. ఒకటి రెండు నెలలు తడిగా, చల్లగా ఉండాలి. ఆ పనిని చలికాలానికే వదిలేయడం అన్నిటికన్నా తేలిక.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో ఒక గాలన్ పాల డబ్బా తీసుకోండి. అడుగున అయిదారు చిల్లులు పెట్టండి. పిడి కింద చుట్టూ కోసి, పైభాగం మూతలా తెరుచుకునేట్టు ఒకవైపు కొద్దిగా వదిలేయండి. మూడు నాలుగు అంగుళాల మందాన తడిపిన కుండీ మట్టి నింపి విత్తనాలను పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి. పైన మట్టి కప్పవద్దు, ఈ విత్తనాలు మొలవడానికి వెలుతురు కావాలి. డబ్బాను టేపుతో మూసి, పైబిరడా తీసేసి, వానా మంచూ లోపలికి పడేట్టు ఆరుబయట పెట్టండి. పేరు రాసిన చీటీ ఒకటి లోపల కూడా గుచ్చండి, బయట రాసినది ఎండకు చెరిగిపోతుంది. ఏప్రిల్ ప్రాంతానికి సన్నని మొలకలు కనిపిస్తాయి. ఎండ ముదిరిన పగళ్ళలో మూత తెరిచి, మట్టి ఆరకుండా చూడండి. మొలకతో వచ్చే విత్తనపు ఆకులు కాక రెండు జతల నిజమైన ఆకులు వచ్చాక వేరు కుండీల్లోకి మార్చి, వేసవి మొదట్లో నేలలో నాటవచ్చు.

రెండు విషయాలు తెలిసి ఉండాలి. పర్పుల్ డోమ్ లాంటి, పేరు పెట్టి అమ్మే రకాల విత్తనం వేస్తే తల్లి మొక్కలాంటి పిల్ల రాదు. రెండోది, చాలా ఆస్టర్లు తమ పుప్పొడితో తాము గింజ కట్టవు. ఒక్క మొక్క ఒంటరిగా ఉంటే బుట్టెడు నూగు వస్తుంది గానీ అందులో గట్టి గింజలు ఉండవు. గింజ కావాలంటే విత్తనం నుంచి పెరిగిన మొక్కలు రెండు మూడు దగ్గరలో ఉండాలి.

నాటడం

వసంతంలో నాటితే వేరు స్థిరపడటానికి మొత్తం కాలం దొరుకుతుంది. అక్టోబరులో పూలతో ఉన్న మొక్కను కొని నాటితే, వేరు పట్టకముందే నేల గడ్డకట్టి కరుగుతూ మొక్కను పైకి నెట్టేసే ప్రమాదం ఉంది. కుండీకి రెండింతల వెడల్పు గొయ్యి తీసి, మొక్క మొదలు నేలమట్టానికి సరిగ్గా ఉండేట్టు పెట్టండి. పెద్ద జాతులకు రెండు మూడు అడుగులు, చిన్నవాటికి ఒకటి ఒకటిన్నర అడుగుల ఎడం ఇవ్వండి. మొదట్లో ఖాళీగా కనిపిస్తుంది, రెండేళ్ళలో నిండుతుంది.

ఎరువు వేయకండి. మన చేతికి ఇది కష్టమే, మొక్కకు ఏదో ఒకటి పెట్టకపోతే మనసూరుకోదు. కానీ నత్రజని ఎక్కువైతే ఆస్టర్ ఏపుగా సాగి, పూల బరువుకు నేల మీదకు వాలిపోతుంది. నేల మరీ నిస్సారంగా ఉంటే నాటేటప్పుడు గుప్పెడు కంపోస్టు చాలు. మొదటి వేసవిలో వాన లేని వారాల్లో అంగుళం నీరు అందేట్టు, ఆకుల మీద కాక మొక్క మొదలు దగ్గర పోయండి. నలిగిన ఎండుటాకులను రెండంగుళాల మందాన పరచండి, కాండానికి ఆనించవద్దు.

మొదటి ఏడాది మే, జూన్ నెలల్లో ఆస్టర్ మొక్క అచ్చం కలుపు మొక్కలాగే ఉంటుంది. పువ్వు లేదు, ఆకుకు ప్రత్యేకత లేదు. ఇంటికి వచ్చిన బంధువు ఎవరో సాయం చేద్దామని పీకేసే అవకాశం నిజంగా ఉంది. ఒక కర్ర గుచ్చి గుర్తు పెట్టండి.

జూన్ కత్తిరింపు

ఎత్తుగా పెరిగే ఆస్టర్లకు ఇది ప్రాణం. మన చామంతి రైతులు తలలు తుంచడం గురించి తెలిసినవారికి ఇది కొత్తగా ఉండదు. కొమ్మ చివరి చిగురు ఉన్నంతకాలం అది పక్క మొగ్గలను ఎదగనివ్వదు. దాన్ని తీసేస్తే ప్రతి ఆకు మొదట్లోంచీ ఒక పిల్లకొమ్మ వస్తుంది. మొక్క పొట్టిగా, గుబురుగా తయారై, కర్ర ఊతం లేకుండా నిలబడుతుంది, పూలూ ఎక్కువగా వస్తాయి.

మే చివరి వారం నుంచి జూన్ మధ్యలోపు, మొక్క అడుగున్నర రెండడుగులు ఉన్నప్పుడు, మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరించండి. కత్తెర పదునుగా ఉండాలి, కోత ఒక ఆకుకు కాస్త పైన పడాలి. అవసరమైతే నెలాఖరున కొత్త చిగుళ్ళను మరోసారి గోటితో తుంచవచ్చు. జూలై 4 నాటికి కత్తెర లోపల పెట్టేయండి. పగటి పొద్దు తగ్గడాన్ని గుర్తించి ఈ మొక్క మొగ్గ తొడుగుతుంది. ఆ తర్వాత కోసే ప్రతి కొమ్మతోనూ పూలు పోతాయి, నాకు జరిగినట్టు.

దుబ్బులో ముందు వైపు సగాన్ని మాత్రమే కోసి వెనక సగాన్ని వదిలేసి చూడండి. వెనకవి ముందుగా, ఎత్తుగా పూస్తాయి. అవి తగ్గుతుండగా ముందువి అందుకుంటాయి. పూల కాలం ఇంకొంత సాగుతుంది.

కోసిన కొమ్మలనూ పారేయనక్కరలేదు. నాలుగంగుళాల చివరి ముక్కలు తీసుకుని, కింది ఆకులు గిల్లి, తడి ఇసుకా, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలూ కలిపిన మిశ్రమంలో గుచ్చి నీడలో పెడితే మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. పేరున్న రకాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెంచుకోవడానికి ఇదొక మార్గం.

తెల్ల అడవి ఆస్టర్‌నూ, పర్పుల్ డోమ్ లాంటి పొట్టి రకాలనూ, ఆ ఏడే మొలిచిన లేత మొక్కలనూ కోయకండి. కుందేళ్ళు వసంతంలోనే చిగుళ్ళు కొరికితే కంగారు పడవద్దు, కత్తిరింపు పని అవే చేసినట్టు. అదే పనిగా తింటుంటే తీగజాలీ చుట్టాలి.

తెగుళ్ళు

బూడిద తెగులు ఆకుల మీద పిండి చల్లినట్టు కనిపిస్తుంది. చూడటానికి బాగుండదు గానీ మొక్కను చంపదు. ఎండ, ఎడం, ఆకుల మీద కాక మొక్క మొదలు దగ్గరే నీరు అనే మూడూ ఉంటే చాలావరకు రాదు. ఆకులు వెలిసిపోయి, అడుగున నల్ల చుక్కలుంటే అది లేస్ బగ్ అనే పురుగు పని. నీళ్ళ ధారతో ఆకుల అడుగుభాగం కడిగితే తగ్గుతుంది. తుప్పు తెగులు సోకిన ఆకులను తుంచి పారేయండి.

ఉపేక్షించకూడనిది ఒక్కటే, ఆస్టర్ యెల్లోస్. పూలు రంగు మాని ఆకుపచ్చగా, వికృతంగా వస్తాయి, చిగుళ్ళు పసుపుబారి గుత్తులు కడతాయి. దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈ జబ్బుకు మందు లేదు. మొక్కను వేళ్ళతో సహా తీసేయాలి.

ఆకులకు చిల్లులు కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. పెరల్ క్రెసెంట్ అనే చిన్న నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఆస్టర్ ఆకుల మీదే. మందు కొడితే సీతాకోకచిలుకలను పిలిచి వాటి పిల్లలను చంపినట్టవుతుంది.

పూసినప్పుడు

సెప్టెంబరు చివర్లో పొద్దున్నే, ఇంకా చలి విడవకముందు దుబ్బు దగ్గరకు వెళ్ళండి. బొద్దు తుమ్మెదల మగవి పూలను పట్టుకుని కదలకుండా నిద్రపోతూ ఉంటాయి. వాటికి ఆ కాలంలో గూడు లేదు, పువ్వే పడక. చలికాలం దాటి బతికేది కొత్త రాణులు మాత్రమే. నెలల తరబడి భూమిలో నిద్రపోయే ముందు ఆ రాణులు ఒంట్లో కొవ్వు నింపుకునేది ఈ ఆఖరి పూల మీదనే. ఆండ్రెనా, కొలెటెస్ అనే ఒంటరి తేనెటీగల్లో కొన్ని జాతులైతే ఆస్టర్ల, వాటి దగ్గరి చుట్టాల పుప్పొడితోనే పిల్లలను పెంచుతాయి. మెక్సికో కొండల్లోని ఓయమెల్ ఫర్ అడవులకు వేల మైళ్ళు ఎగిరే మోనార్క్ సీతాకోకచిలుకలు కూడా దారిలో ఇక్కడ ఆగి మకరందం తాగుతాయి.

ఓపిగ్గా వెతికితే ఇంకా దొరుకుతాయి. పువ్వు మీద ఒక వాడిన రేకు తనంతట తాను నడుస్తున్నట్టు కనిపిస్తే అది గొంగళి పురుగు. సింక్లోరా అనే పచ్చ చిమ్మటకు పిల్ల. రేకుల ముక్కలు కొరికి పట్టుదారంతో ఒంటికి అతికించుకుని దాక్కుంటుంది. ముక్కలు వాడిపోతే కొత్తవి అతికించుకుంటుంది. తెలుపు నుంచి పసుపుకు రోజుల వ్యవధిలో రంగు మార్చుకోగల పీత సాలెపురుగు కూడా ఈ పూల మీదే కాచుకుని ఉంటుంది. సాయంత్రం పొద్దు వాలాక న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ తన రేకులను ముడుచుకోవడం చూడండి. అందుకే ఆ పూలను కోసి ఇంట్లో కుండీలో పెట్టినా అంత నిండుగా ఉండవు, బయటే చూడాలి.

పక్కన గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్కను తప్పకుండా ఉంచండి. ఊదా పక్కన పసుపు ఉంటే రెండూ రెట్టింపు వెలుగుతాయి. గోల్డెన్‌రాడ్ వల్ల తుమ్ములు వస్తాయని చాలామంది భయపడతారు. దాని పుప్పొడి బరువైనది, పురుగులే మోయాలి, గాలికి ఎగరదు. తుమ్ములు తెప్పించేది అదే కాలంలో కంటికి ఆనకుండా పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి కూడా మంచి తోడు. ఆకురాలు కాలంలో రాగిరంగుకు తిరుగుతుంది, ఆస్టర్ కొమ్మలకు ఊతంగానూ నిలబడుతుంది.

పూలు అయిపోయాక

పెరడు శుభ్రం చేయాలనే తొందర వద్దు. ఎండిన కొమ్మలను అలాగే ఉంచండి. గోల్డ్‌ఫించ్‌లు, జంకోలు, పిచ్చుకలు లాంటి చిన్న పక్షులు చలికాలమంతా ఆ గింజలు ఏరుకుంటాయి. సగం ఎదిగిన పెరల్ క్రెసెంట్ గొంగళి పురుగులు మొక్క మొదట్లోనే చలి గడుపుతాయి. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ విత్తనం పడి విపరీతంగా వ్యాపిస్తుందని అనిపిస్తే, గింజ రాలకముందు కొన్ని తలలు కోసేయండి, కొన్ని వదిలేయండి. విత్తనం దాచుకోవాలంటే పూలు వాడిన మూడు నాలుగు వారాలకు, నూగు విచ్చుకుని వేలితో తాకితే ఊడి వచ్చేటప్పుడు, పొడి రోజు చూసి కాగితపు సంచిలోకి దులపండి.

వసంతంలో కొత్త చిగుళ్ళు కనిపించాక పాత కొమ్మలను ఒకటి ఒకటిన్నర అడుగుల ఎత్తున కోయండి. ఆ మొండేల్లో చిన్న తేనెటీగలు గూళ్ళు పెట్టుకోవచ్చు. వేసవికల్లా కొత్త ఆకులు వాటిని కప్పేస్తాయి.

మూడు నాలుగేళ్ళకు దుబ్బు నడుమ బోసిపోయి, చుట్టూ మాత్రమే పిలకలు వస్తుంటాయి. చిగుళ్ళు రెండు నాలుగు అంగుళాలు ఉన్నప్పుడు, నేల తడిగా ఉన్న రోజు చూసి దుబ్బును మొత్తంగా పారతో ఎత్తండి. మూడు నుంచి అయిదు పిలకలు, వాటికి తగిన వేర్లు ఉండేట్టు అంచు భాగాలను విడదీయండి. చెక్కబారిన నడిమి భాగం కంపోస్టులోకి పోతుంది. ఒక ముక్కను పాత చోటే నాటి నీరు పోయండి. ఒక్క దుబ్బు నుంచి అయిదారు ముక్కలు వస్తాయి కాబట్టి, మిగిలినవి తడి కాగితంలో చుట్టి ఆ సాయంత్రమే పక్కింటివారికి ఇవ్వండి. ఇస్తూ, జూలై 4 తర్వాత కత్తెర పెట్టవద్దని చెప్పండి.